వినే చక్రం ముఖం ఎటు

కాదు అమ్మడూ, చెవి అని రాయకు, చక్రం అనే రాయి. హైమావతి టీచరు దాన్ని లూప్ అనేది, ఊళ్లో అందరం చక్రం అనేవాళ్లం. ఎడ్లబండి చక్రమంత ఉండేది. రాగి గొట్టాన్ని గుండ్రంగా వంచి, ఒక గుంజకు నిలువుగా బిగించి, తుఫాను షెల్టరు మేడ మీద నిలబెట్టారు. దాని పని వినడం ఒక్కటే. మాట్లాడటానికి రెండు కొబ్బరిచెట్ల మధ్య వేరే తీగ ఉండేది. ఆ తీగతోనూ వినొచ్చు గానీ, దానికి ఊళ్లో రొదంతా తగులుకునేది. ఎవరింట్లో మిక్సీ తిరిగినా మన రేడియో గీపెట్టేది. చక్రం అలా కాదు. దానికి ఏది వినాలో, ఏది వినకూడదో మనం చెప్పొచ్చు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా రాసుకో. ఇది తెలియకపోతే మిగతాదంతా వట్టి గోల. కంచాన్ని నిలబెట్టి నీవైపు చూపిస్తే గుండ్రంగా కనబడుతుంది, అది ముఖం. పక్కకు తిప్పితే గీతలాగా కనబడుతుంది, అది అంచు. చక్రం అంచువైపు వింటుంది. ముఖం ఎటు పెడితే అటు దానికి చెవుడు. వీపు ఎటుంటే అటు కూడా చెవుడే. అందుకని ఎక్కడినుంచి రొద వస్తోందో అటు దాని ముఖం పెట్టేస్తే రొద పోయేది, దూరాన ఉన్నవాళ్ల మాట తేటగా వినబడేది. నేను షెల్టరు కాపలావాణ్ణి గదా, తిప్పే పని నాది. టీచరు కింద గదిలో చెవులకు డబ్బాలు పెట్టుకుని కూర్చుని, కిటికీలోంచి ఇంకాస్త, ఇంకాస్త అనేది. నేను తొందర మనిషిని కాను, అదే ఆ పనికి బాగా కుదిరిందని మెచ్చుకునేది.

టీచరుది హైస్కూల్లో సైన్సు. ఈ రేడియోకి ఆమెకు జీతమూ లేదు, ఏమీ లేదు. సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సరదాగా దేశం మీద వాళ్లతో మాట్లాడుకునే రేడియో అది. మనకు ముఖ్యమైనవాడు ఒడిశా వైపు ఏరు సముద్రంలో కలిసే ఒక మొగ దగ్గరుండే మహాపాత్రో మాస్టారు. మన నడిమిరేవు పడవలు చేపల వెంట ఉత్తరానికి పోయి, గాలి తిరగబడితే ఆ ఏట్లో దూరి తలదాచుకునేవి. ఫలానా పడవ వచ్చింది, మనుషులు బాగున్నారు అని ఆయన పొద్దున్నే వచ్చీరాని తెలుగులో చెప్పేవాడు. టీచరు విని నాకు చెబితే నేను ఇంటింటికీ వెళ్లి చెప్పేవాణ్ణి. నేను ఆలస్యంగా చేరినా కబురు మంచిదే కాబట్టి ఎవరూ తిట్టేవాళ్లు కాదు.

ఇంతలో రోడ్డు మీద తీర భద్రతా సమన్వయ కార్యాలయం కట్టారు. షెల్టరుకు సరిగ్గా పడమర. దానికి కుడివైపున రోడ్ల ఆఫీసు, ఎడమవైపున చేపల ఆఫీసు. మూడూ ఒకే వరసలో ఉండేవి, మాట్లాడుకునేవి కావు. సమన్వయ కార్యాలయానికి స్పెషలాఫీసరుగా వైకుంఠరావు గారని వచ్చారు. మంచి మనిషే. చెడ్డవాడని ఎక్కడా రాయకు. ఎవరు ఏది చెప్పినా తలాడించి, అంతా అయ్యాక తనకు తోచింది చెప్పేవారు.

ఆయన చక్రాన్ని చూడటానికి మేడెక్కిన రోజున టీచరు ముచ్చటపడి హైదరాబాదులో ఉన్న స్నేహితుడి చేత రేడియోలో ఆయనకు నమస్కారం చెప్పించింది, మేడ మీదికి వినబడేలా స్పీకరు పెట్టింది. హైదరాబాదు మాట వినాలి గదా, చక్రం అంచు పడమటికి పెట్టాం. ఆయన నమస్కారం విన్నారు గానీ, ఆయన కళ్లు చక్రం మీదే ఉన్నాయి. మేడ మీద నుంచి తన ఆఫీసు కేసి చూశారు, మళ్లీ చక్రం కేసి చూశారు. ఆఫీసుకు అది గీతలాగా సన్నగా కనబడుతోంది. ఇది మా కార్యాలయానికి పక్కకు తిరిగి ఉండటంలో ఆంతర్యమేమిటి అని అడిగారు. టీచరు కంచం ఉదాహరణ చెప్పింది. మిమ్మల్ని బాగా వినడానికే అలా పెట్టామండీ అంది. ఆయన తలాడించారు.

"శాస్త్రం మీరు చూసుకోండి టీచర్ గారూ. మర్యాద మేము చూసుకుంటాం," అన్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. వలయము యొక్క ముఖభాగము కార్యాలయ పనివేళలందు కార్యాలయమునకు అభిముఖముగా ఉండునట్లు తగు చర్యలు తీసుకొనవలెను. టీచరు అది రెండుసార్లు చదివి, నవ్వి, మరేం ఫరవాలేదు పోలయ్యా, ఆయన మాటలు రేడియోలో మనకెలాగూ అక్కర్లేదు గదా అంది. ఆఫీసు తెరవకముందే మహాపాత్రో మాస్టారి మాట వినేసేవాళ్లం కాబట్టి మాకు నష్టమేమీ కాలేదు.

కానీ రోడ్ల ఆఫీసరు కూడా అదే దారిన రోజూ పోతాడు గదా. చక్రం నిండు చంద్రుడిలాగా పక్కాఫీసుకేసి చూస్తోంది, తనకేసి కోలగా, కోడిగుడ్డులాగా కనబడుతోంది. ఆయన మనిషిని పంపించి, తుఫానులో కొట్టుకుపోయేవి రోడ్లా, సమన్వయమా అని అడిగించాడు. తర్వాత చేపల ఆఫీసరమ్మ స్వయంగా వచ్చింది. సముద్రంలోకి పోయేవాళ్లు మా శాఖ లబ్ధిదారులు, చక్రం న్యాయంగా మాకే చూడాలి అంది. సర్పంచి ఊరుకుంటాడా? కూతురి పెళ్లికి పందిరి వైపు తిప్పమన్నాడు, ముహూర్తం వేళకు తిప్పాం కూడా. పెళ్లి ఫోటోల్లో వధూవరుల వెనక మేడ మీద గుండ్రంగా పడింది. అది చూశాక పసిపిల్లల్ని తెచ్చి, కాసేపు మా బుజ్జిదాని వైపు పెట్టు తాతా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను పెట్టేవాణ్ణి. దానికి చెవుడు వస్తుందని చెబితే బాగుండదని చెప్పలేదు.

అప్పుడు దిశా నిర్ణయ సమన్వయ సంఘం వేశారు. మూడు ఆఫీసులూ, సర్పంచీ అందులో సభ్యులు. టీచరును ప్రత్యేక ఆహ్వానితురాలు అన్నారు, అంటే కూర్చోవచ్చు గానీ మాట్లాడకూడదు. మొదటి సమావేశంలోనే చిక్కు వచ్చింది. చక్రానికి ముఖమేది, వీపేది? రెండూ ఒకేలా ఉన్నాయి. ముఖం చూపిస్తున్నామనుకుని పొరపాటున వీపు చూపిస్తే ఎవరు బాధ్యులు? చాలాసేపు ఆలోచించి ఒక పక్కన ఎర్రరంగు వేయించి, దాన్ని ముఖంగా తీర్మానించారు. నాకు టోపీ ఇచ్చి దిశా సహాయకుడు అన్నారు. ఆ టోపీ మీ అమ్మ ధాన్యం కొలవడానికి వాడేసింది, పోనీలే.

వంతులు వేశారు. పొద్దున ఒకరికి, మధ్యాహ్నం ఒకరికి, సాయంత్రం ఒకరికి. నేను తిప్పుతూ ఉంటే మూడు కిటికీల్లోంచి మూడు తలలు చూస్తుండేవి. నేను నెమ్మదిగా తిప్పుతానా, అందువల్ల ముఖం ఒకరి దగ్గర బయల్దేరి ఇంకొకరి దగ్గరికి చేరేలోపు మధ్యలోవాళ్లకు ఉచితంగా కొంత దక్కుతోందని ఫిర్యాదు పోయింది. సంఘం మళ్లీ కూర్చుంది. అరుపులు కింద చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ల దాకా వినబడ్డాయి. చివరికి వైకుంఠరావు గారే అందరూ ఒప్పుకునే మార్గం చెప్పారు.

"ఎవరికీ అన్యాయం జరగని దిశ ఒకటుండాలి. తటస్థ దిశ," అన్నారు.

వెతికారు. దక్షిణాన ఉప్పుమడులు, అక్కడ ఆఫీసు లేదు. ఉత్తరాన సరుగుడు తోట, అక్కడా లేదు. ముఖం సరుగుడు తోటకు, వీపు ఉప్పుమడులకు. దేనికీ నోరు లేదు. మూడు ఆఫీసులకూ అంచు మాత్రమే, అదీ ఇంచుమించు సమానంగా. చప్పట్లు కొట్టారు. టీచరు లేచి, అయ్యో, ఉత్తరానే గదండీ ఒడిశా, మనం వినవలసింది అటే గదా అంటే, ప్రత్యేక ఆహ్వానితులు కూర్చోవలసిందిగా కోరడం జరిగింది. గుంజకు గొలుసు చుట్టి తాళం వేశారు. సంఘమంతా సంతకాలు చేస్తే తప్ప తీయకూడదని చెప్పి తాళంచెవి బీరువాలో పెట్టారు.

అదే నెలలో సమన్వయ కార్యాలయం ముందు పెద్ద దీపాల బోర్డు వెలిసింది. లారీ అంత ఉంది. అందులో ఎర్ర అక్షరాలు కుడినుంచి ఎడమకు పరుగెత్తుతూ ‘మీ మాట వింటున్నాం’ అని చెబుతుండేవి. అది వెలిగించిన నిమిషం నుంచి మన రేడియోలో ఇక వేరే మాటే లేదు. వెయ్యి తుమ్మెదలు డబ్బాలో మూసినట్టు ఒకటే రొద. చక్రం అంచు సరిగ్గా ఆ బోర్డుకేసి ఉంది మరి. వినాల్సిన ఉత్తరానికి చెవుడు, వినకూడని పడమరకు నిండా చెవి. టీచరు బోర్డు ఆపమని అర్జీ పెడితే, ప్రజల మాట వినే కార్యక్రమాన్ని నిలుపుదల చేసే అధికారం తమకు లేదని బదులొచ్చింది.

ఇక్కడినుంచి నవ్వుకోకుండా రాయి.

ఆ కార్తీకంలో పెద్ద గాలి లేచింది. అన్ని పడవలూ ఒడ్డు చేరాయి గానీ మీ చిన్నతాత పరదేశి ఎక్కిన పడవ చేరలేదు. నా సొంత తమ్ముడు. వాడితో పాటు పడవలో ఇంకొందరు మన పేటవాళ్లే. రెండో రోజుకు వాన అడ్డంగా కొడుతోంది. పరదేశి కొడుకు ఎర్రన్న, వాడి ఈడువాళ్లు కలిసి వెతకడానికి పోతామని రెండు పడవలు నీటి అంచుకు లాగారు. ఆ కెరటాల్లోకి పోతే వాళ్లు తిరిగి రారని ఒడ్డునున్న అందరికీ తెలుసు, వాళ్లకూ తెలుసు. కానీ తండ్రి ఏమయ్యాడో తెలియకుండా ఇంట్లో కూర్చోమంటే ఏ కొడుకు కూర్చుంటాడు? పరదేశి మహాపాత్రో మాస్టారి ఏట్లో ఉన్నాడని తెలిస్తే ఆగుతారు. తెలియకపోతే కాస్త గాలి తగ్గగానే పోతారు. ఫోన్లు ఆ గాలికి మూగబోయాయి, ఇక తెలిసే దారి ఆ చక్రం ఒక్కటే.

టీచరు బ్యాటరీ తగిలించిన రేడియో ముందు కూర్చుని చెవులు నొక్కుకుంటోంది. తుమ్మెదలు తప్ప మరేం లేదు. ఊరంతటికీ కరెంటు పోయింది గానీ, బోర్డు అత్యవసర సేవ కాబట్టి దానికి జనరేటరు పెట్టారు. నేను సమన్వయ కార్యాలయానికి పోయి వైకుంఠరావు గారిని బోర్డు కాసేపు ఆపమన్నాను. ఇటువంటి సమయంలో ప్రజల మాట వినడం ఆపేస్తే ఎలా అన్నారు. తాళం తీయమన్నాను. సంఘం సంతకాలు కావాలన్నారు. సంఘం ఎక్కడుందని అడిగాను. తుఫాను ఏర్పాట్లలో ఉందన్నారు. నేను మెల్లగా మాట్లాడతాను గదా, ఇదంతా అడిగేసరికి చాలాసేపు పట్టింది, ఆయన ఓపిగ్గా విన్నారు. ఆ మాట చెప్పాలి.

తిరిగొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పరదేశి భార్య, మీ చిన్నమామ్మ నూకాలు, అక్కడే ఉంది. ఏడుస్తూ లేదు. తడిసిన కొంగు పిండుకుంటూ టీచరును అడిగింది.

"ఆ సెక్రం ముకం ఎటుంటే అటు ఇనపడదన్నారు గదా టీచరమ్మా?"

"అవునమ్మా."

"అయితే దీపాల బోర్డుకి ముకం పెడితే ఆ రొద పోద్ది?"

పోతుంది, అప్పుడు అంచు ఉత్తరానికి వస్తుంది, మాస్టారు వినబడతాడు, కానీ తాళం ఉంది గదా అని టీచరు అంది. నూకాలు లేచింది.

"మీరు ఇనడానికి తాళం తియ్యమంటన్నారు. అందుకే తియ్యట్లేదు. రా బావా," అంది.

నేను వెనక వెళ్లాను. సమన్వయ కార్యాలయం వరండాలో వైకుంఠరావు గారు గొడుగు కింద నిలబడి బోర్డు కేసి చూస్తున్నారు. అప్పటికే నన్ను చూసి విసిగినవారు గనక, తాళం విషయం సంఘం పరిధిలోనిదమ్మా అని మొదలుపెట్టారు.

"తాళం ఎవులడిగినారు బాబూ," అంది నూకాలు. "పేటంతా షెల్టర్లోనే ఉంది. అందరూ మేడ కేసే సూస్తన్నారు. ఇంత ఆపదలో ఆ సెక్రం సరుగుడు తోటకి ముకం ఎట్టుకుని కూకుంది. పెద్దాపీసు ఇటుంటే అది అటు సూడ్డమేటని ఒకటే అనుకుంటన్నారు. అది సెప్పిపోదారని వొచ్చినాం."

ఆయన బోర్డు మీంచి చూపు తిప్పి మేడ కేసి చూశారు. ఆమె రెండు అడుగులు వేసి మళ్లీ ఆగింది.

"రోడ్ల బాబు వొస్తన్నాడంట గదా?"

"ఎక్కడికి?"

"షెల్టరుకి. ఎందుకో మాకేటి తెల్సు. జీపులో సుత్తి ఉందని ఎవులో అన్నారు."

ఎవరూ అనలేదు అమ్మడూ. రోడ్ల ఆఫీసరు అప్పటికి టౌనులో బంధువుల ఇంట్లో ఉన్నాడని తర్వాత తెలిసింది. కానీ వైకుంఠరావు గారు గొడుగు నాకిచ్చేశారు. విపత్తు సమయంలో తమకు విశేషాధికారాలు సంక్రమిస్తాయని, వినడం కోసమైతే సంఘం కావాలి గానీ ప్రజల మనోధైర్యం కోసమైతే అక్కర్లేదని దారిలో నాకు వివరించారు. ఫోటోలు తీసే అతన్ని వెంటబెట్టుకున్నారు. మేడెక్కి సుత్తి అడిగారు. వంటగదిలో పచ్చడి బండ ఉంటే ఇచ్చాను. ఆ వానలో, ఆ గాలిలో, తన చేతుల మీదుగా తాళం పగలగొట్టి, గొలుసు తీసి, చక్రాన్ని తనే పట్టుకుని ఎర్రరంగు ముఖాన్ని తన ఆఫీసు వైపు తిప్పారు. కొంచెం తేడాగా ఉంటే, నేను సరిచేస్తానండీ అని సరిచేశాను. సరిగ్గా బోర్డు మధ్యకు. ఫోటో తీశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది వాన కాదు, నేను పక్కనే ఉన్నాను.

కింద గదిలో తుమ్మెదలన్నీ ఒక్కసారిగా పడుకున్నట్టయింది. నేను దిగేసరికి టీచరు డబ్బాలు తీసేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి పిలుస్తోంది, మళ్లీ పిలుస్తోంది. తర్వాత దూరంగా, పీపాలోంచి మాట్లాడినట్టు మహాపాత్రో మాస్టారి గొంతు. నిన్నటినుంచి పిలుస్తున్నా, మీరెందుకు పలకరని అడుగుతున్నాడు. మీ పడవ ఇక్కడుంది, ఇంజను చెడింది, మనుషులందరూ ఉన్నారు, ఒకరికి చెయ్యి విరిగింది అన్నాడు. పేర్లు చెప్పమంది టీచరు. ఆ గాలికి పేర్లు సగం సగం తెగిపోతున్నాయి. పరదేశి అన్నాడో, ఇంకేదైనా అన్నాడో తెలియలేదు. నూకాలు టీచరు భుజం పట్టుకుంది. అప్పుడు మాస్టారు ఇంకో మాట అన్నాడు. ఒక మనిషి పంచదార టీ ముట్టడం లేదు, మా ఇంటావిణ్ణి బెల్లం వేసి పెట్టమని తగాదా పడుతున్నాడు, ఏం చేయమంటారు అని అడిగాడు.

"ఆడే," అంది నూకాలు, మెట్లు దిగి వానలో పడి ఒడ్డుకు పరుగెత్తింది.

ఎర్రన్న వాళ్లు అప్పటికే నడుము లోతు నీళ్లలో ఉన్నారు. ఆమె పోయి పడవ అంచు పట్టుకుని, మీ అయ్య బెల్లం టీ కోసం పరాయి ఇంట్లో పోట్లాడతన్నాడు, పడవ ఎనక్కి లాగండ్రా అంది. లాగారు. నేను చేరేసరికి అందరూ ఇసక మీద కూర్చుని ఉన్నారు. ఎర్రన్న మాత్రం పడవ మీద తలపెట్టి ఏడుస్తున్నాడు.

తర్వాతది నీకు సగం తెలిసిందే. చక్రం కార్యాలయానికి అభిముఖం అయిన మరుక్షణమే సమాచారం రావడం మొదలైందని వైకుంఠరావు గారు పైకి రాశారు. అది అబద్ధం కాదు. పైవాళ్లు ఆయనకు శాలువా కప్పి, తీరం పొడవునా మిగతా షెల్టర్ల మీద మన టీచరులాంటి రేడియోవాళ్లు పెట్టుకున్న చక్రాలన్నీ ఆయా సమన్వయ కార్యాలయాలకే ముఖం పెట్టవలెనని ఉత్తర్వు వేశారు. టీచరు దాని మీద అభ్యంతరం రాయబోయి ఆగిపోయింది. ప్రతి కార్యాలయం ముందూ అలాంటి బోర్డే ఉంది గదా. ఆ ఉత్తర్వు వల్ల తీరమంతా రేడియోలు తేటపడ్డాయి. నాకు తెలిసి ఆ ఆఫీసు వేసిన ఉత్తర్వుల్లో ప్రజలకు నిజంగా పనికొచ్చింది అదొక్కటే, ఎందుకు పనికొచ్చిందో ఈనాటికీ వాళ్లకు తెలియదు. తెలిస్తే మార్చేస్తారు, అందుకని మేమూ చెప్పలేదు.

పరదేశి ఇల్లు చేరాక వాడిచేత వైకుంఠరావు గారికి దండ వేయించారు. వాడు దండ వేసి ఊరుకోలేదు. మేడ మీద తీసిన ఆ ఫోటో అడిగి తెచ్చుకుని ఫ్రేము కట్టించుకున్నాడు. ఇప్పుడు గుజరాతులో వేరావల్ రేవులో పడవల మీద వంట చేస్తున్నాడు గదా, అక్కడ కూడా తన గదిలో పెట్టుకున్నాడట. పొద్దున్నే దానికి అగరొత్తి వెలిగించి, ఈ మహానుభావుడు చక్రం తిప్పకపోతే నా కొడుకు దక్కేవాడు కాదు అని తోటివాళ్లకు చెబుతాడట. నూకాలుకు ఫోనులో కూడా అదే చెబుతాడు. ఆమె ఊఁ కొడుతుంది. ఎందుకు చెప్పవే అంటే, ఆయనకో దేవుడు కుదిరాడు, ఉండనీ బావా అంటుంది.

ఆమె చెప్పదు. ఆమె ముందర నేను చెప్పలేను. అందుకే నీచేత రాయించాను.

ఈ ఆదివారం వాడు పడవ దిగి ఉంటాడు. ఫోను చేసి ఇదంతా వాడికి చదివి వినిపించు. మధ్యలో మాట్లాడబోతాడు, ఆగకు. ఆఫీసరును తిట్టినట్టు చదవకు, నేను ఎలా చెప్పానో అలా చదువు. అయిపోయాక వాడు ఏమంటాడోనని నువ్వు వినకు. ఫోను పట్టుకెళ్లి మీ చిన్నమామ్మ చేతికివ్వు.